బొగ్గుబాయిలో కెనరీ

షేర్ మార్కెట్ పడినా, ఎక్కడో ఒక బ్యాంకు కూలినా ఇంగ్లీషు పేపర్లలో ‘కెనరీ ఇన్ ది కోల్ మైన్’ అన్న మాట కనిపిస్తుంది. మాటకు మాట చెబితే ‘బొగ్గుబాయిలో కెనరీ పిట్ట’, రాబోయే ముప్పును ముందే పట్టించే గుర్తు అని అర్థం. నేను గోదావరిఖనిలో పెరిగినదాన్ని, మా నాన్న బాయిలో సర్దార్, అంటే పని చోట కార్మికుల భద్రత చూసేవాడు. అందుకే ఆ పిట్ట సంగతి పూర్తిగా చెప్పాలనిపించింది.

1896 జనవరిలో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గనిలో పేలుడు జరిగి 57 మంది పోయారు. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త వెళ్లి శవాలను పరీక్షించాడు. చాలామంది ఒళ్లు గులాబీ రంగుకు తిరిగి ఉంది. వాళ్లను చంపింది పేలుడు కాదు, ఆ తర్వాత గనిలో నిండిన కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

నాన్న చేతిలో సేఫ్టీ ల్యాంప్ ఉండేది. బొగ్గు గనుల్లో పేరుకునే, మండే గ్యాస్ మీథేన్ ఉంటే మంట మీద లేత నీలం టోపీ లేస్తుంది, ఆక్సిజన్ తగ్గితే మంట కుంగిపోతుంది. మనిషి ప్రాణం తీసేంత కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా ఆ దీపానికి మాత్రం తెలియదు. అక్కడే పిట్ట అవసరం పడింది. దాని ఒంట్లో అన్నీ వేగమే కాబట్టి విషం మనకంటే ముందు దానికి ఎక్కుతుంది. ఎలుకనూ వాడి చూశారు గానీ, కొమ్మ మీంచి తూలే పిట్టను గుర్తుపట్టడం తేలిక.

కెనరీ అంటే బలిచ్చిన పిట్ట అన్నట్టు రాస్తుంటారు, అది నాకు నచ్చదు. రెస్క్యూ వాళ్లు పట్టుకెళ్లిన ఒక రకం పంజరం పైన చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఉండేది. పిట్ట తూలగానే గుండ్రటి తలుపు మూసి వాల్వ్ తిప్పేవాళ్లు. పిట్ట తేరుకునేది. బ్రిటన్ గనుల్లో 1986లో ఎలక్ట్రానిక్ యంత్రాలు రావడంతో ఈ పిట్టలకు సెలవిచ్చారు.

ఇంకో సంగతి, హాల్డేన్ కార్బన్ మోనాక్సైడ్‌ను ముందు తానే పీల్చి చూశాడు. కొడుకు జె.బి.ఎస్.ను చిన్నతనంలోనే గనిలోకి తీసుకెళ్లి, మీథేన్ పేరుకున్న చోట నిలబెట్టి షేక్స్‌పియర్ నాటకంలోని ఆంటోనీ ప్రసంగం చెప్పమన్నాడు. కాసేపటికి పిల్లవాడు ఆయాసపడి కూలబడ్డాడు. మీథేన్ తేలిక, పైకప్పు దగ్గరే ఉంటుంది, నేల మీద ఊపిరి ఆడింది. ఆ కొడుకే పెద్ద జన్యుశాస్త్రవేత్త అయి, 1957లో మన దేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడయ్యాడు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోతే, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు.