కుడిచేతి బొటనవేలు

జబ్బు నాకు కుడిచేతి బొటనవేలి దగ్గర మొదలైంది. 2016 డిసెంబరు, నెలగంట పెట్టిన వారం. తెల్లవారుజామున వాకిట్లో కూర్చుంటే ముగ్గుపిండి వేళ్ల మధ్య నిలవలేదు. చలికి బిగుసుకున్నాయిలే అనుకున్నాను. వారం తిరిగేసరికి బడిలో సుద్దముక్క పట్టుకోవడం కష్టమైంది. సంక్రాంతి వెళ్లేసరికి ఎడమచెయ్యీ అదే దారి పట్టింది. పొద్దున్న లేచాక రెండు గంటల దాకా పిడికిలి ముడుచుకునేది కాదు. బకెట్ ఎత్తలేను, తడిబట్ట పిండలేను, పాపకి జడ వెయ్యలేను. ఆ జడ దగ్గరే ఎక్కువ ఏడ్చాను.

విశాఖలో కీళ్ల డాక్టరుగారు రక్తపరీక్షలు చూసి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద పడి దాన్ని వాచేలా చేస్తుందట. వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదల వేరు, ఇది వేరు. వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్, దానికి తోడు ఫోలిక్ యాసిడ్. "ఇది రోజూ వేసుకునే మాత్ర కాదమ్మా, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది" అని చీటీ మీద ఆదివారం అని రాసి చుట్టూ సున్నా చుట్టారు.

మందు పనిచెయ్యడం మొదలుపెట్టడానికి రెండు మూడు నెలలు పట్టింది. ఆ మధ్యలోనే మా వీధిలో రైల్వేలో రిటైరైన మాస్టారొకరి దగ్గరికి వెళ్లాను. ఆయన బీహార్‌లోని ముంగేర్‌లో, స్వామి సత్యానంద సరస్వతి ఆశ్రమంలో నేర్చుకుని వచ్చినాయన. సత్యానంద 1943లో రిషీకేశ్‌లో స్వామి శివానంద దగ్గర చేరి, పుష్కరకాలం గురుసేవ చేసి, తర్వాత గంగ ఒడ్డున ముంగేర్‌లో బీహార్ యోగ విద్యాలయం పెట్టారు. ఆయన గురువు శివానంద సన్యాసానికి ముందు మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో డాక్టరు. ఈ పరంపరలో ఒంటిని తక్కువ చేసి మాట్లాడరు. అందుకే నాకు నచ్చింది.

నేను సూర్యనమస్కారాలు చేయిస్తారేమోనని బెదిరిపోతూ వెళ్లాను. మాస్టారు చాప మీద కాళ్లు చాపి కూర్చోమని, కాలివేళ్లు మాత్రం ముందుకీ వెనక్కీ వంచమన్నారు. పదిసార్లు. తర్వాత చీలమండలు. తర్వాత పిడికిలి మూసి తెరవడం, మణికట్టు తిప్పడం, మోచేయి, భుజం, మెడ. దీన్ని పవనముక్తాసనాల మొదటి వరస అంటారు, వాతరోగులకని కూర్చిన వరస. "ఎంత వంగిందన్నది వదిలెయ్యండమ్మా. వంగుతున్నప్పుడు మీరక్కడ ఉన్నారా లేదా, అది చూసుకోండి" అన్నారు. కీలు ఎర్రగా వాచి వేడిగా ఉన్నరోజు దాన్ని కదపనిచ్చేవారు కాదు.

నన్ను అసలు మార్చింది యోగనిద్ర. శవాసనంలో పడుకుని "నిద్రపోను, మెలకువగా ఉంటాను" అని లోపల అనుకోవాలి. ఆపైన సంకల్పం, ఒకే ఒక్క చిన్న వాక్యం, మూడుసార్లు. ఆ తర్వాత మాస్టారి గొంతు వినిపించేది: కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు... మనసు ఆ పేరు వెంట నడవాలి. కదలకూడదు. మొదటి రోజు "కుడిచేతి బొటనవేలు" అనగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను పొద్దస్తమానం తప్పించుకు తిరుగుతున్న చోటికే ఆయన నన్ను ముందుగా తీసుకెళ్లారు.

ఇంట్లో ఫోన్‌లో ఆ సూచనలు పెట్టుకుని చేస్తుంటే మా అత్తయ్య గుమ్మం దగ్గర నిలబడి విన్నారట. లేచాక "ఇది కరన్యాసమే కదే అమ్మాయ్. అంగుష్ఠాభ్యాం నమః అని ముందు బొటనవేలే కదా" అన్నారు. పూజకి ముందు మంత్రం చెబుతూ వేళ్లని ఒక్కొక్కటిగా తాకడమే కరన్యాసం. ఆవిడ చదివింది అయిదో తరగతి, రోజూ లలితా సహస్రనామం చేస్తారు. మాస్టారికి చెబితే చాలా సంతోషించారు. సత్యానంద యోగనిద్రని తీసుకున్నది ఆ తాంత్రిక న్యాసంలోంచేనట. మంత్రం తీసి, ఎరుకని ఉంచారు. మెదడులో స్పర్శకి సంబంధించిన భాగంలో చేతివేళ్లకీ పెదవులకీ దక్కిన చోటు వీపంతటికీ దక్కలేదని సైన్సు పాఠంలో చదివిందే. మన పెద్దలు ఆ వేళ్ల దగ్గరే పూజ మొదలుపెట్టారు.

తర్వాతి మెట్టులో బరువు-తేలిక, వేడి-చలి, అలాగే బాధ-సుఖం, ఒకటి తెచ్చుకుని వదిలెయ్యాలి, రెండోది తెచ్చుకోవాలి. బాధని కావాలని పిలవడమంటే నాకు కోపం వచ్చింది. నెల పైన పట్టింది లొంగడానికి. ఒకరోజు పిలిచి చూస్తే అది బొటనవేలి మొదట్లో శనగగింజంత చోటులో ఉంది. చుట్టూ చెయ్యి మామూలుగానే ఉంది. అన్నాళ్లూ ఒళ్లంతా నొప్పి అనుకున్నాను. పతంజలి ప్రత్యాహారమన్నది ఇదేనమ్మా అన్నారు మాస్టారు, ఇంద్రియం దాని పని చేస్తూనే ఉంటుంది, మనసు మాత్రం వెంటపడి కొట్టుకుపోదు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. 2018లో ఒళ్లు తేలికపడింది. తెలిసినవారొకరు, యోగా ఉండగా ఆ విషం మాత్రలెందుకన్నారు. నాకూ ఆశ పుట్టింది. మాస్టారికి చెప్పకుండా, డాక్టరుగారికి చెప్పకుండా మూడు నెలలు మానేశాను. మూడో నెల చివర రెండు మోకాళ్లూ వాచి మంచం దిగలేకపోయాను. ఎడమచేతి మధ్యవేలు అప్పుడు వంకర తిరిగింది, ఇప్పటికీ అంతే. మాస్టారు నన్ను చూడటానికొచ్చి చాలాసేపు మాట్లాడలేదు. "మందు కూడా సాధనలో భాగమేనమ్మా, నేనే ముందు చెప్పి ఉండవలసింది" అన్నారు.

ఇప్పుడు ఆదివారం మాత్ర తప్పదు, లివర్ పరీక్ష తప్పదు, పొద్దున్న చాప తప్పదు. బిగుసుకోవడం పావుగంటలో వదులుతుంది. చలికాలంలో ఎక్కువే. సంకల్పం ఏమిటంటే చెప్పను, బయటికి అనకూడదన్నది పద్ధతి. నొప్పి పోవాలన్న మాట మాత్రం అందులో లేదు.

మొన్న శ్రీకాకుళం నుంచి మా చిన్నాన్న కూతురు ఫోన్ చేసింది, దానికీ ఇదే జబ్బు. నా గొంతుతో యోగనిద్ర రికార్డు చేసి పంపమంది. రాత్రి కూర్చుని చేశాను. పంపేముందు ఒక్కమాట అడిగాను, "ఈ వారం మాత్ర వేసుకున్నావా?" అని. కాసేపు ఉలకలేదు, పలకలేదు. "ముందు అది వేసుకో, తర్వాత పంపుతాను" అన్నాను.