గౌరి నిలబడింది

పాలు పితకడానికి ముందు ఓ అరగంట చేతిలో ఏ పనీ పెట్టుకోకుండా ఆవుల మధ్య తిరుగుతాను. ఎద, అంటే ఆవు చూడి కట్టడానికి సిద్ధమైన వేళ. దాని లక్షణాలు ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామునే బయటపడతాయి. మేత పడి, పితికే సందడి మొదలైతే ఆవు ధ్యాసంతా తొట్టి మీదే. పేడ తీస్తూనో, దాణా కలుపుతూనో ఓ కన్ను వేసి ఉంచితే సరిపోతుందంటారు చాలామంది. నేను ఒప్పుకోను. ఒక్క ఎద చేజారితే మళ్లీ 21 రోజులు ఎదురుచూడాలి, అన్నాళ్లూ మేపాలి. ఎద కనిపెట్టడం విడిగా ఒకరు చేయాల్సిన పని.

ఈ వేళ దొడ్లోకి వెళ్లేసరికి చుక్క అనే ఆవు మా పెయ్య గౌరి మీదికి ఎక్కుతోంది. గౌరి పక్కకు తప్పుకోలేదు. నాలుగు కాళ్లూ ఊతంగా పెట్టి కదలకుండా నిలబడింది. మానం నుంచి తేటగా, తెగకుండా తీగ సాగుతోంది.

"అక్కా, చుక్క ఎదకొచ్చినట్టుంది" అన్నాడు తమ్ముడు.

కాదురా అన్నాను. ఎక్కేదాన్ని బట్టి చెప్పలేం, ఎక్కించుకుని నిలబడేదే ఎదలో ఉన్నట్టు. చుక్కకి ఒకటి రెండు రోజుల్లో రావచ్చు, రాకపోనూ వచ్చు. చూడి ఆవులు కూడా అప్పుడప్పుడూ తోటివాటి మీదికి ఎక్కుతాయి. వాణ్ణి దగ్గరికి పిలిచి గౌరి వెనక భాగం చూపించాను. తోక మొదట్లో వెంట్రుకలు చెదిరి, రేగి ఉన్నాయి. రెండు పక్కలా పిరుదుల మీద గిట్టల బురద ఇంకా తడిగానే ఉంది. మనం లేనప్పుడు ఏం జరిగిందో ఆ బురదే చెబుతుంది.

పొద్దున చూశాం కాబట్టి సూది, అంటే ఆబోతు వీర్యాన్ని లోపల వేయించడం, సాయంత్రం. పొద్దున చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు పొద్దున. 1940లలో నెబ్రాస్కాలో ట్రింబర్గర్ అనే పరిశోధకుడు ఆవుల మీద పరీక్షించి తేల్చిన లెక్క ఇది, ఇప్పటికీ పనికొస్తోంది. నిలబడే ఎద సుమారు 12 నుంచి 18 గంటలుంటుంది, పాలు బాగా ఇచ్చేవాటిలో ఇంకా తక్కువే. అది తగ్గిన 10, 12 గంటలకు అండం విడుదలవుతుంది. అండం బతికేది కొద్ది గంటలు. వీర్యకణాలు మాత్రం లోపల కొంతసేపు గడిపితేగానీ పనికి సిద్ధం కావు. అండం వచ్చే వేళకి అవి అక్కడ కాచుకుని ఉండాలి. తొందరపడి వెంటనే వేయించినా, మర్చిపోయి మర్నాడు వేయించినా కట్టే అవకాశం తగ్గుతుంది.

పదింటికి డాక్టరుగారు చూడి పరీక్షకి వచ్చారు. కపిలకి సూది వేయించాక మళ్లీ ఎద కనబడలేదు. చూడి కట్టిందనే అందరి నమ్మకం. ఆయన చెయ్యి పెట్టి చూసి "ఖాళీగానే ఉందమ్మా" అన్నారు. మధ్యలో మూగ ఎద వచ్చి పోయి ఉంటుందట. అరుపు లేదు, తీగ లేదు, లోపల మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. తిరిగి పొర్లలేదు, అంటే మళ్లీ ఎదకు రాలేదు కదా అని చూడి ఆవుల జాబితాలో రాసేసుకునేవాళ్లు ఈ పరీక్షకి తప్పకుండా ఖర్చు పెట్టాలి. చేత్తో అయితే 60 రోజులకి ధీమాగా చెప్పొచ్చు, స్కానింగుతో 30 రోజులకే తెలుస్తుంది. కపిల అండాశయం మీద పసుపు గ్రంథి (అండం విడుదలైన చోట ఏర్పడి, ఉన్నంతకాలం ఎదను ఆపేది) తగిలిందని, దాన్ని కరిగించే ప్రోస్టాగ్లాండిన్ సూది వేశారు. ఇక రెండు నుంచి అయిదు రోజుల్లో ఎదకు రావాలి. చూడి లేదని రూఢి చేసుకోకుండా ఈ మందు జోలికి పోకూడదు. కట్టిన ఆవుకి పడితే ఈసుకుపోతుంది, అంటే గర్భం పోతుంది.

మధ్యాహ్నం మరో ఆవు తోక మీద ఎండిన రక్తపు చార చూసి తమ్ముడు కంగారుపడ్డాడు. కంగారేమీ లేదు. ఎద అయిపోయిన ఒకటి రెండు రోజులకి కొన్నిటికి అలా కొద్దిగా రక్తం పడుతుంది. చూడి కట్టిందనీ కాదు, కట్టలేదనీ కాదు. ఈ ఎద మాత్రం దాటిపోయింది. తేదీ రాసుకుని 18వ రోజు నుంచి దాని మీద కన్నేస్తే వచ్చే ఎద చేతికి దొరుకుతుంది.

సాయంత్రం గౌరికి సూది. తన తండ్రి ఆబోతు నంబరు పుస్తకంలో ఉంది కాబట్టి ఆ వీర్యం పొరపాటున కూడా రాకుండా చూసుకున్నాం. తొలిచూలు, అందుకని చిన్న దూడలు పడే ఆబోతుది ఎంచాం. అందులోనూ పెయ్యదూడల కోసం వేరు చేసిన వీర్యం. దానితో నూటికి 90 దాకా పెయ్యలే పడతాయి, కాకపోతే కట్టే శాతం కొంచెం తగ్గుతుంది. బాగా ఎదిగిన పెయ్యల్లో తొందరగా కట్టే గుణం ఎక్కువ, కనుక దాన్ని వాటికే వాడటం తెలివి. ముదురు ఆవులకు వాడి స్ట్రాలు (వీర్యం నింపిన సన్నని గొట్టాలు) పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

సూది వేసే అబ్బాయి పని చూస్తే ముచ్చటేస్తుంది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లోంచి స్ట్రాల బుట్టను డబ్బా మెడ దాటి పైకి రానివ్వడు. స్ట్రాను చిటికెలో తీసి 37 డిగ్రీల నీళ్లలో వేసి, గడియారం చూసుకుంటూ అరనిమిషం ఆగుతాడు. బయటికి తీశాక బొట్టు తడి లేకుండా తుడుస్తాడు, ఎందుకంటే లోపలికి నీళ్లు దిగితే కణాలు చస్తాయి. గర్భాశయ ముఖద్వారం మడతలు ఒక్కొక్కటే దాటించి, అవి అయిపోయిన చోటే మెల్లగా వదిలాడు. గౌరి బెదరలేదు.

రాత్రి పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంటే లక్ష్మి సంగతి వచ్చింది. ఈని రెండు నెలలు దాటింది, ఇంతవరకు ఎద లేదు. కపిలకి వేసినట్టే దీనికీ వేయిద్దాం అంటాడు తమ్ముడు. నేను వద్దన్నాను. పొద్దున డాక్టరుగారు దాని నడుం ఎముకల మీద చెయ్యి వేసి, ఒంటి పుష్టికి అయిదింట రెండు మార్కులే ఇచ్చారు. ఈనేనాటికి మూడు, మూడున్నర ఉండాలి. తిన్నదాన్ని మించి పాలిస్తోంది, లోటును ఒంట్లోని కొవ్వు కరిగించి పూడుస్తోంది. అలాంటప్పుడు శరీరం ముందుగా వదులుకునేది ఎదనే. దాని అండాశయం మీద పసుపు గ్రంథే లేదు, కరిగించడానికేముంది? పైగా ఇది ఇవాళ్టి సమస్య కాదు. వట్టిపోయిన 60 రోజుల్లో మరీ కొవ్వు పట్టిన ఆవు ఈనాక సరిగ్గా మేయదు, అందుకే ఇంత వేగంగా చిక్కుతుంది. లక్ష్మి అలాగే ఉబ్బి ఉండేది. పొర్లే ఆవును చూసి ఆబోతునో సూది వేసేవాణ్ణో తిట్టేవాళ్లు దాని తొట్టి వైపు కూడా చూడాలి.

దాణా ఒక్కసారిగా పెంచితే కడుపు పులుస్తుంది. రోజూ కాస్త కాస్త పెంచుతూ నాలుగు పూటలుగా పంచాలని, మంచి పచ్చిమేత ముందు దానికే వేయాలని, మిగతావి తోసేయకుండా వేరే కట్టేయాలని అనుకున్నాం. ఎముకల మీద కాస్త కండ పడ్డాకే సూది మాట. నెల తిరిగేసరికి డాక్టరుగారి చేత మళ్లీ చూపించాలని తమ్ముడు షరతు పెట్టాడు. అది సబబే. లక్ష్మి పేజీలో ఆ తేదీ వాడి చేతే రాయించాను.