సంబరమా, కేరింతా?

పడుకునే వేళ దాటింది, ఆ ఫొటో కింది మాట ఇంకా వదలడం లేదు. పొద్దున పేపర్లో మైపాడు బీచ్ వేసి 'అంబరాన్నంటిన సంబరాలు' అన్నారు. ఎన్నికల గెలుపుకీ అదే, బడి వార్షికోత్సవానికీ అదే. ప్రాస కుదిరింది కదా, ఇక వదలరు. ఫొటోలో ఉన్నది అలల్లో గెంతుతున్న పిల్లకాయలు. వాళ్లది కేరింత.

కేరింతకు గొంతుండాలి. మాటలు రాని పసిబిడ్డ కాళ్లు తన్నుకుంటూ తీసే కూత అది. అందుకే 'కొట్టు'తో జత: కేరింతలు కొట్టారు. నోరు మూసుకుని ఎవరూ కేరింతలు కొట్టలేరు. సంబరం అలా కాదు, మనసులోనూ ఉంటుంది. 'పడు' చేరిస్తే లోపలిది: కొత్త చీర చూసి సంబరపడింది. బహువచనం చేసి 'చేసుకొను' తగిలిస్తే వీధిలోకొస్తుంది: సంబరాలు చేసుకున్నారు. 'సంబరాలు పడ్డారు' అంటే రెంటికీ చెడుతుంది. 'ర' కాస్తా 'డ' అయి "చాల్లే సంబడం" అన్నారా, ఇక అది ఎత్తిపొడుపే.

నెల్లూరు రొట్టెల పండగ చూస్తే ఈ తేడాలన్నీ ఒక్కచోటే కనిపిస్తాయి. మొహర్రం నెలలో, బారాషహీద్ దర్గా పక్కన, స్వర్ణాల చెరువులో. పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె. కోరిక తీరినవాళ్లు తెచ్చి, అదే కోరిక ఉన్నవాళ్లకి నీళ్లలో నిలబడి ఇస్తారు. సంతాన రొట్టె ఇచ్చే తల్లిని చూడండి. తలమీద కొంగు, చంకలో బిడ్డ, చెయ్యి రొట్టె అందిస్తుంటే కళ్లు బిడ్డమీదే. నోట మాట ఉండదు. ఆమె మురిసిపోతోంది. నీళ్లు చూసిన బిడ్డది కేరింత. పుచ్చుకున్నామెకు ఇప్పుడే ఏ మాటా రాయకూడదు, ముందు ఆమె కోరిక తీరాలి.

మరి గట్టుమీద? మైకులు, అంగళ్లు, తోపులాట, తప్పిపోయిన పిల్లల కోసం కేకలు. దాన్నేమనాలి? సంబరమనే అనాలి! సంస్కృతంలోని సంభ్రమమే మనకి సంబరమైంది. సంభ్రమమంటే తొందర, తత్తరపాటు, హడావుడి కూడా. గుంపు ఆనందంలో అవన్నీ ఉంటాయి. కాబట్టి పొద్దుటినించీ ఆ మాట మీద పడటం న్యాయం కాదు. బీచ్‌లో అంత జనముంటే సంబరమే సరైన మాట, పిల్లకాయల్ని దగ్గరగా తీసిన ఫొటోకే అది నప్పలేదు.

అంబరం మీద మాత్రం కోపం తగ్గలేదు. 'మైపాడు తీరాన సంబరం' అంటే చాలదా? ఎక్కడో తెలిసింది, ఏమిటో తెలిసింది.