పెట్రోల్ ట్యాంకర్ నడిపే అర్హత: నా అనుభవం

విశాఖపట్నం నుంచి సిమెంటు, బియ్యం లోడ్లు తీసుకెళ్తున్న నేను పెట్రోల్ ట్యాంకర్‌కు మారాలనుకున్నప్పుడు హెవీ లైసెన్సు ఒక్కటే చాలదని తెలిసింది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 9వ నియమం ప్రకారం, ప్రమాదకర సరుకు తీసుకెళ్లే డ్రైవరు గుర్తింపు పొందిన సంస్థలో 3 రోజుల శిక్షణ పూర్తిచేసి, లైసెన్సుపై హజార్డస్ ఎండార్స్‌మెంట్ (ప్రమాదకర సరుకు బండి నడపవచ్చన్న నమోదు) వేయించుకోవాలి. ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలన్న షరతు ఉంది.

ఆ షరతు అవసరం ట్యాంకర్ రెండు పక్కలా, వెనుక ఉండే అత్యవసర సమాచార పలకను చదవడం నేర్పినప్పుడు అర్థమైంది. సరుకు పేరు, యూఎన్ నంబరు (ప్రమాదకర సరుకును గుర్తించే అంతర్జాతీయ సంఖ్య), ప్రమాద తరగతి గుర్తు, ఫోన్ చేయాల్సిన నంబర్లు దానిపై ఉంటాయి. యూఎన్ నంబరు పెట్రోలుకు 1203, డీజిలుకు 1202, వంటగ్యాసుకు 1075. పెట్రోలు పలకపై ‘3వైఈ’ అని కూడా రాస్తారు. అందులో 3 అంటే మంటను నురుగుతో ఆర్పాలని, వై అంటే శ్వాస పరికరం తగిలించుకుని దగ్గరకు వెళ్లాలని, ఒలికిన ద్రవం కాలువల్లోకి పోకుండా అడ్డుకట్ట వేయాలని, ఈ అంటే చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించాల్సి రావచ్చని అర్థం. డ్రైవరు స్పృహ తప్పినా, క్యాబిన్‌లోని కాగితాలు కాలిపోయినా, వచ్చిన ఫైర్ సిబ్బందికి దూరం నుంచే కనిపించేది ఆ పలకే. అందుకే బండి కడిగించేటప్పుడు ముందుగా దాన్నే శుభ్రం చేయిస్తాను. పెట్రోలుకు బదులు డీజిలు నింపితే పలక మార్చనిదే బండి కదిలించను.

జనాన్ని ఖాళీ చేయించడాన్ని సూచించే ఆ చివరి అక్షరం ‘ఈ’ దగ్గర శిక్షకుడు చాలాసేపు ఆగారు. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లోని అహ్మద్‌పూర్ ఈస్ట్ దగ్గర బోల్తా పడిన ట్యాంకర్ నుంచి కారుతున్న పెట్రోలు పట్టుకోవడానికి జనం డబ్బాలతో చేరారు. మంటలు చెలరేగి 200 మందికి పైగా చనిపోయారు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. నేల వెంట పాకి, గుంటల్లో నిలిచి, దూరాన ఉన్న బీడీ నిప్పుకూ అంటుకుంటుంది. కనుక బండికి ప్రమాదం జరిగితే ఇంజన్ ఆపి, బ్యాటరీ కనెక్షన్ తీసేసి, మన ప్రాణానికి అపాయం లేనంత వరకు జనాన్ని దగ్గరకు రానీయకుండా చూస్తూ, దగ్గరలోని పోలీస్ స్టేషన్‌కూ యజమానికీ కబురు చేయాలని మాకు పదేపదే చెప్పారు.

రవాణా శాఖ కార్యాలయంలో పని ఆన్‌లైన్ దరఖాస్తు, ధ్రువపత్రాల పరిశీలనలతో ఇబ్బంది లేకుండా ముగిసింది. అసలు పరీక్ష పెట్రోలు నింపే డిపో అయిన టర్మినల్ గేటు దగ్గర జరిగింది. లైసెన్సుపై ఎండార్స్‌మెంట్, సైలెన్సర్‌కు నిప్పురవ్వలను ఆపే స్పార్క్ అరెస్టర్, మంటలార్పే సిలిండర్లు, బ్యాటరీ స్విచ్ ఒక్కొక్కటిగా చూసి, ఫోను, అగ్గిపెట్టె బయట పెట్టించాక గానీ లోపలికి పంపలేదు. లోడింగ్ చోట ముందుగా విద్యుత్తును నేలలోకి పంపే ఎర్తింగ్ వైరు తగిలించాలి, చివరగా తీయాలి. పైపులో పెట్రోలు పారుతున్నప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది కాబట్టి, ఈ వరుస తప్పకూడదు.

సరుకు పంపేవారు యజమానికి, యజమాని డ్రైవరుకు ఇచ్చే ట్రెమ్ కార్డును (ఆ సరుకు ప్రమాదాలు, అత్యవసరంలో చేయాల్సినవి రాసిన కాగితాన్ని) చాలామంది క్యాబిన్‌లో ఓ మూలన పెట్టేస్తారు. శ్రీకాకుళం వైపు మొదటి లోడుతో బయలుదేరే ముందు నేను దాన్ని పూర్తిగా చదివాను. ఇప్పటికీ ప్రతి లోడుకూ చదువుతాను. దారిలో ఆగితే నిప్పు, పేలుడు వంటి ముప్పులకు దూరంగా నిలపాలి. నేను గానీ, 18 ఏళ్లు నిండిన, పని తెలిసిన మరొకరు గానీ బండిని కనిపెట్టుకుని ఉండాలి. పొయ్యిలు రోడ్డు వరకు వచ్చిన ధాబాల దగ్గర నేను ఆగను. బంకులోనూ ఎర్తింగ్ తగిలించి, మంటలార్పే సిలిండర్ చేతికి అందేంత దూరంలో పెట్టి, మట్టం కొలిచే డిప్ రాడ్‌తో భూగర్భ ట్యాంకులో ఎంత ఖాళీ ఉందో చూశాకే హోస్ బిగించాలి.

2019 చట్ట సవరణతో ఈ ఎండార్స్‌మెంట్ గడువు ఏడాది నుంచి 3 ఏళ్లకు పెరిగింది. పునరుద్ధరణకు ఒక రోజు పునశ్చరణ శిక్షణ తప్పనిసరి. గడువు పెరగడం డ్రైవర్లకు సౌకర్యమే. అయినా మధ్యలో ఏడాదికోసారి యజమానులే ఒక పూట శిక్షణ ఏర్పాటు చేసి, అందులో నిజమైన మంటపై సిలిండర్ వాడించాలని నా విన్నపం.