పోపుల పెట్టె పని, మూడో ఆదివారం: బాక్స్ జాయింట్‌కి జిగ్ కుదిరింది

ఊళ్లో తాతగారి ఇల్లు విప్పినప్పుడు తెచ్చుకున్న టేకు ద్వారబంధం నుంచి 12 మి.మీ. మందంలో పలకలు తీశాను. వాటితో అమ్మకి పోపుల పెట్టె చేయాలి. మూలల్లో మేకు పడకూడదు, ఒక పలక పళ్లు రెండో పలక గాడుల్లో దిగాలి, అదే బాక్స్ జాయింట్. ఆ పళ్లు సమానంగా కోసేలా పలకని పట్టి నడిపే జిగ్ ఏదో తేల్చుకోవడానికే రెండు ఆదివారాలు పట్టింది.

టేబుల్ సా (బల్లలోంచి గుండ్రటి రంపం బ్లేడు పైకి వచ్చే యంత్రం) ఆలోచన ముందే వదిలేశాను. నా చిన్న సాకి వెడల్పు గాడి తీసే డాడో బ్లేడు పట్టదు. మామూలు బ్లేడు ఒక్క కోతకి 3 మి.మీ. గాడి తీస్తుంది, పైగా దాని పళ్లు చెరో పక్కకి వాలి ఉంటాయి కాబట్టి గాడి అడుగు చదునుగా రాదు. రెడీమేడ్‌లో ఇన్‌క్రా ఐ-బాక్స్ జిగ్ మీద చాలా మనసుపడ్డాను. కోసిన గాడిని ఒక పిన్ మీద కూర్చోబెడితే తర్వాతి గాడి సరైన దూరంలో పడుతుంది. దాని పిన్ రెండు ముక్కలుగా ఉండి, గాడి ఎంత ఉంటే అంతకి విచ్చుకుంటుంది. కానీ అది ముప్పావు అంగుళం మైటర్ గాడి (జిగ్ జారడానికి బల్ల మీద ఉండే గాడి) ఉన్న టేబుల్‌కి చేసింది. నా రౌటర్ టేబుల్ (గిర్రున తిరుగుతూ కోసే బిట్ కింద నుంచి పైకి వచ్చే బల్ల) నేనే ప్లైవుడ్‌తో చేసుకున్నది, దానికి గాడే లేదు.

అందుకని ఇంట్లోనే చేశాను. టేబుల్ రెండు అంచులనూ పట్టుకుని జారే 18 మి.మీ. ప్లైవుడ్ స్లెడ్, దాని మీద నిలువు పలక, ఆ పలకకి ముందు పక్కకి జరిగే ఇంకో పలక. పిన్ ఈ ముందు పలకకే ఉంటుంది. పొడవాటి రంధ్రాల్లోంచి రెండు బోల్టులు, వెనక వింగ్ నట్లు. జారే చోట కొవ్వొత్తి మైనం రుద్దాను. బిట్ బయటికి వచ్చే చోట వెనక ఒక దిమ్మ అతికించాను, పొరపాటున కూడా వేలు అక్కడికి పోకూడదు.

మొదటి ట్రయల్ పాడైంది. కొన్ని పళ్లు బిగుసుకున్నాయి, కొన్ని వదులు. షాపులో 6 మి.మీ. అని ఇచ్చిన బిట్ నిజానికి పావు అంగుళం, అంటే 6.35. నేను పిన్‌ని 6కి చిత్రిక పట్టాను. పిన్ మీద పలక అటూ ఇటూ కదిలి, ప్రతి పన్నూ ఒక్కో లావున వచ్చింది. ఇప్పుడు బిట్ కొలతని నమ్మడం మానేసి, చెత్త ముక్కలో గాడి కోసి ఆ గాడినే వెర్నియర్‌తో కొలుస్తున్నాను. పలకలు 100 మి.మీ. వెడల్పుతోనే ఉంచడం మంచిదైంది. పళ్లు కోశాక 95.25కి, అంటే సరిగ్గా 15 పళ్ల వెడల్పుకి తగ్గించాను. బేసి సంఖ్య కాబట్టి పొడుగు పలకకి పైనా కిందా పన్నే వస్తుంది.

పిన్ కోసం ఒకే పొడవాటి పుల్ల తీసి రెండుగా కోశాను. ఒకటి పిన్, రెండోది పిన్‌కీ బిట్‌కీ మధ్య పెట్టి దూరం చూసుకోవడానికి. ఆ దూరమే పన్ను లావు. జాయింట్ బిగుతుగా ఉంటే పిన్ బిట్ వైపు జరగాలి, వదులైతే దూరం జరగాలి. ఈ జరపడానికి ముందు పలక చివర ఒక స్టాపు బిగించి, మధ్యలో ఏ4 కాగితం ముక్కలు పెడుతున్నాను. ఒక్కో కాగితం దాదాపు 0.1 మి.మీ. రెండు కాగితాలు తీశాక జాయింట్ చేత్తో నొక్కితే దిగింది, తలకిందులుగా పట్టుకుంటే జారలేదు. అప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు!

12 మి.మీ. లోతు ఒకేసారి కోస్తే టేకు మాడింది. అందుకే 6 లోతున అన్ని గాడులూ పూర్తి చేసి, తర్వాత బిట్ 12.3కి లేపి మళ్లీ మొదటి నుంచి కోశాను. ఆ 0.3 బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, అతికాక సాండ్‌పేపర్‌తో పోతుంది. పలక వెనక చీలికలు రాకుండా ప్రతి సెట్టింగ్‌కీ కొత్త చెత్త ముక్క ఆనించాను.

ఈ రోజు నాలుగు మూలలూ ఫెవికాల్‌తో అతికించాను. పళ్ల పక్కలకి సన్న బ్రష్‌తో రాయాలి, చాలా ఉంటాయి కాబట్టి త్వరగా పని కావాలి. రెండు కర్ణాలూ కొలిస్తే 1 మి.మీ. తేడా, పొడుగు కర్ణం మీద క్లాంప్ వేసి సరిచేశాను. రేపు సాయంత్రం క్లాంపులు తీస్తాను. వచ్చే ఆదివారం అడుగు పలకకి గాడి, జరిపే మూత.