కొత్త కెమెరా కొనాలా?

రిటైరై ఎనిమిది నెలలైంది. వచ్చే డబ్బులో కొంత కెమెరాకి తీయాలని సర్వీసులో ఉండగానే అనుకున్నాను. తీరా డబ్బు చేతికొచ్చాక మనసొప్పడం లేదు.

నా దగ్గరున్నది నికాన్ డీ90. 2008లో వచ్చిన మోడల్, 12.3 మెగాపిక్సెల్స్. పట్టుకునే చోట రబ్బరు ఊడితే గమ్ముతో అంటించాను. మా అమ్మ చివరి ఫొటో దీంతోనే తీశాను.

జనవరిలో సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లాను. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప అనే రకం చెట్ల మీద గూడబాతుల గూళ్లు. ఒక పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు తింటోంది! అప్పటికింకా సరిగ్గా తెల్లారలేదు. తక్కువ వెలుతురులోనూ ఫొటో వచ్చేలా చేసే ఐఎస్‌ఓ సెట్టింగ్ పెంచితే ఫొటో నిండా నూక చల్లినట్టు చుక్కలు. తగ్గిస్తే షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉండి, పిల్ల కదలికకి అంతా చెదిరిపోయింది. ఇంటికొచ్చి చూసుకుంటే ఏడుపొచ్చినంత పనైంది.

ఇప్పటి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలు కొన్ని పక్షి కన్నుని అవే వెతికి పట్టుకుంటాయి. కానీ నాకు కావాల్సిన బాడీ, లెన్స్ కలిపితే లక్షన్నర దాటుతోంది. "కొనుక్కోండి, ఇంకెప్పుడు?" అంటుంది మా ఆవిడ. తన మోకాలి ఆపరేషన్ మాత్రం రెండేళ్లుగా వాయిదా వేస్తోంది.

ముందు ఆ మోకాలు. నిన్ననే డాక్టరు దగ్గర డేట్ తీసుకున్నాం. కెమెరాకి బదులు సెకండ్ హ్యాండ్‌లో దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే 70-300 జూమ్ లెన్స్ ఒకటి చూశాను. కనీసం ఫొటోని అంతగా క్రాప్ చెయ్యక్కర్లేదు.

గూడబాతులు మళ్లీ అక్టోబర్‌లో వస్తాయి. ఈసారి వాచ్‌టవర్ మెట్లు ఇద్దరం ఎక్కాలి.