దాలూ కంచుతల్లిని పిల్లలకు చూపించేటప్పుడు

లండన్‌లో బ్యాంక్ స్టేషన్‌కు దగ్గర్లో, రాయల్ ఎక్స్ఛేంజ్ భవనం వెనక ఒక పాత తాగునీటి ఫౌంటెన్ ఉంది. దాని మీద ఒక తల్లి కూర్చుని చంటిబిడ్డకు పాలిస్తుంటుంది, ఇంకో బిడ్డ ఆమెను అంటిపెట్టుకుని ఉంటుంది. చేసింది ఫ్రెంచి శిల్పి జూల్ దాలూ. 1870ల చివర్లో మొదట పాలరాతిలో పెట్టారు. బయటి గాలికీ వానకూ ఆ రాయి చెడిపోవడంతో 1897లో అదే రూపాన్ని కంచులో పోసి నిలబెట్టారు. ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలకు ముందుగా చూపించాల్సిన శిల్పం ఇదే అంటాను. ఎందుకంటే దాలూ కూడా పరాయి ఊళ్లో బిడ్డను పెంచిన తండ్రే.

1871లో పారిస్ కమ్యూన్, అంటే ఆ నగరాన్ని కొద్దికాలం ఏలిన తిరుగుబాటు ప్రభుత్వం, కూలిపోయాక ఆయన భార్య ఇర్మాను, చిన్నకూతురు జార్జెట్‌ను వెంటబెట్టుకుని లండన్ చేరారు. ఫ్రాన్స్‌లో ఆయన పరోక్షంలోనే శిక్ష పడింది. 1879లో క్షమాభిక్ష వచ్చేదాకా వెనక్కి వెళ్లే దారి లేదు. ఇంగ్లీషు సరిగా రాదు. అయినా సౌత్ కెన్సింగ్టన్‌లో శిల్పకళ నేర్పారు, మట్టి చేతిలోకి తీసుకుని విద్యార్థుల కళ్లముందే చేసి చూపించి. కూతురికి మానసిక వైకల్యం, ఎప్పుడూ ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. పాలిచ్చే తల్లులు, బిడ్డను జోకొట్టే తల్లులు ఆయన చేతుల్లోంచి వరసగా వచ్చింది ఆ ఏళ్లలోనే. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదని స్నేహితుల దగ్గర మొహమాటపడే పిల్లలుంటే, ముందు దాలూ ఇంగ్లీషు రాకుండానే పాఠం చెప్పిన తీరు గురించి చెప్పండి. మిగతా కథ వాళ్లే అడుగుతారు.

వెళ్లడానికి శని, ఆదివారాల ఉదయం మంచిది, ఆఫీసుల జనం ఉండరు. ఎండ మరీ ఎక్కువగా ఉంటే ముదురు రంగు కంచు మీద మెరుపు, నలుపు తప్ప ఏమీ తెలియదు. పల్చగా మబ్బు పట్టిన రోజు బట్ట మడతలు, వేళ్ల నొక్కులు చక్కగా కనిపిస్తాయి. పీఠం ఎత్తు కాబట్టి పిల్లల్ని దగ్గరికి తీసుకెళ్తే అడుగుభాగమే చూస్తారు. పది అడుగులు వెనక్కి జరిపి, ఫోన్ తీయకముందే చుట్టూ ఒకసారి తిప్పండి. తర్వాత అడగండి: చంటిబిడ్డ బరువు అమ్మ ఏ చేతి మీద ఉంది? అమ్మ ఎవరి వైపు చూస్తోంది? రెండో బిడ్డ దేన్ని పట్టుకుంది? జవాబు మీరు అందించొద్దు.

ఎనిమిది, తొమ్మిదేళ్ల వాళ్లు నవ్వడం మామూలే. కసురుకుంటే అది సిగ్గుపడాల్సిన సంగతని మనమే నేర్పినట్టవుతుంది. "అమ్మ పాలిస్తోంది, నీకూ అలాగే ఇచ్చింది" అని తెలుగులోనే మామూలుగా అనేయండి. ఈ విగ్రహానికి దయ, దాతృత్వం అన్న అర్థంలో పేరు పెట్టారు. ఐరోపా కళలో ఆ గుణాన్ని పిల్లల్ని చుట్టూ పెట్టుకుని పాలిచ్చే స్త్రీగా చూపించడం పాత సంప్రదాయం. అందుకే ఇద్దరు బిడ్డలు. న్యూయార్క్ వైపున్న వాళ్లయితే మెట్రోపాలిటన్ మ్యూజియంలో చోళుల కాలపు యశోద ఉంది, ఒడిలో కృష్ణుడికి పాలిస్తూ. రెండింటి ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే పోలికలు పిల్లలే పట్టేస్తారు. మనది గొప్పా, వాళ్లది గొప్పా అన్న పోటీలోకి మాత్రం దింపొద్దు.

కాస్త పెద్దపిల్లలకు పోత పని చెప్పాలి. కంచు అంటే సుమారు తొమ్మిది వంతులు రాగి, ఒక వంతు తగరం. విగ్రహం లోపల బోలు, గోడ మందం కొద్ది మిల్లీమీటర్లే. గట్టిగా నింపేస్తే పైభాగం ముందు గడ్డకట్టి, లోపలిది తర్వాత చల్లారుతూ కుంచించుకుపోయి పగుళ్లు తెస్తుంది. చల్లారేటప్పుడు కంచు వందకు ఒకటిన్నర, రెండు వంతులు తగ్గుతుంది. పాతబజార్లో చిన్న ప్రతి కొనాలనుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది: అసలు కంచు బొమ్మ మీదే అచ్చు తీసి పోసిన నకిలీ, దానికంటే కాస్త చిన్నదిగా, వివరాలు అరిగినట్టుగా ఉంటుంది. అయస్కాంతాన్ని నమ్ముకోవద్దు, కంచుకూ అంటదు, జింకు పోతకూ అంటదు. అడుగున గీత పడ్డచోట బంగారు పసుపు కనిపిస్తే రాగి మిశ్రమం, బూడిదరంగు తెలుపైతే జింకు.

ఆ కాలపు ఫ్రెంచి పోతశాలల్లో ఎక్కువగా ఇసుక అచ్చులు వాడేవారు. పెద్ద బొమ్మను భాగాలుగా పోసి, అతికి, అతుకులు ఆకురాయితో నునుపు చేసేవారు. మన ఆదిలాబాద్ డోక్రా పద్ధతి వేరు: మట్టితో చేసిన లోపలి ముద్ద మీద మైనపు దారాలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, కాల్చి మైనం కరిగించి, ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది, కాబట్టి అచ్చంగా అలాంటిదే రెండోది ఉండదు. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంట్లో డోక్రా బొమ్మ ఉంటే బయల్దేరే ముందు పిల్లల చేతికిచ్చి, మైనపు దారాల గీతలు తడిమి చూడమనండి.

ఓపిక ఉంటే అదేరోజు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికీ వెళ్లొచ్చు, ప్రవేశం ఉచితం. దాలూ 1873లో కాల్చిన మట్టితో చేసిన పాలిచ్చే పల్లెటూరి తల్లి ఆ మ్యూజియం సేకరణలోది. ప్రదర్శనలో ఉందో లేదో ముందు రోజే వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి.